మంచులో ఆరేసిన మడిపంచె

మా ఇంటామె ఇప్పటికీ ఒకటే మాట అంటాది. "నిన్నెవురన్నా అడిగినారా? అడగని దానికి పోయి చెప్పుకున్నోడివి నువ్వే గదా!" నిజమే. నా పోటు పోయింది సముద్రం వల్ల కాదు, విమానం వల్ల కాదు, ఆ మంచుకొండల్లో ఉండే వేడినీళ్ళ హోటలు వల్లా కాదు. నా నోటి వల్ల. కొరివితో తల గోక్కున్నోడికి మందు యాడ దొరుకుతాది?

పోటంటే గుడిలో వంటిల్లు. మాది తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలుండే చిన్న పెరుమాళ్ళ గుడి. కొండకు పోయే జనంలో వెయ్యిమందికి ఒకరు కూడా మా గుడి తట్టు చూడరు. అయినా దేవుడు దేవుడే, ఆయనకూ పూటపూటకూ తళిగ పెట్టాల. తళిగంటే ఆయన ముందర పెట్టే అన్నం. పొద్దున మిరియాల పొంగలి, మధ్యాన్నం పులిహోర, పెరుగన్నం, శనివారమైతే చక్కెర పొంగలి. మా తాత వండినాడు, మా నాయన వండినాడు, నేను ముప్పై నాలుగేండ్లు వండినాను. ముందురోజు నా చేత్తో నేనే పంచె ఉతికి, ఎవురూ తాకని ఎత్తులో దండెం మీద ఆరేసుకోవాల. పొద్దున తలకు పోసుకోని, ఆ పంచె కర్రతో తీసి కట్టుకోని, ఎవురితోనూ పలక్కుండా పోయి పొయ్యి ముట్టించాల. అదే మడి. మధ్యలో ఆ పంచెను పసిబిడ్డ తాకినా మళ్ళీ తడపాల్సిందే.

జీతం సంగతి అడగబాకండి, చెప్పుకునేంత లేదు. కానీ తళిగ వండే ఆ పెద్ద ఇత్తడి గుండిగ మీద చెయ్యేసే హక్కు మాది. పోటు గడప మా ఇంటోళ్ళు తప్ప ఇంకెవురూ దాటరు. ధర్మకర్త కూడా దాటడు. మా ధర్మకర్త శ్రీ సిటీలో ఫ్యాక్టరీలకు అట్టపెట్టెలు చేసిచ్చే కంపెనీ యజమాని. అంత పెద్దమనిషి కారు దిగి, చెప్పులిడిచి, గడప బయట చేతులు కట్టుకోని నిలబడి "సామీ, ప్రసాదం" అని అడగతా ఉంటే నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో! ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే రోత.

ఆయన తల్లిని మేమందరమూ పెద్దమ్మ అంటాము. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు పూర్తిగా పట్టుకోని పోయినాయి. మడివంట తప్ప నోట్లో పెట్టదు, కోడలు వండినా తినదు. ఎవురో పెద్ద డాక్టరు కొడుక్కు చెప్పినాడంట. యూరప్‌లో ఆల్ప్స్ కొండల్లో ఒక తావున భూమిలోంచి ఉడుకునీళ్ళు ఉబుకుతాయి, దాని మీదనే పెద్ద హోటలు కట్టుండారు, ఎండాకాలం మూడు వారాలు, చలికాలం మూడు వారాలు ఆ నీళ్ళలో నానితే కాళ్ళు లేస్తాయి అని. కొడుక్కు తల్లంటే ప్రాణం, ఆ మాట మాత్రం అబద్ధం చెప్పను. కానీ ఆ తల్లి ఆడ ఏం తింటాది? అట్ల నా మీద పడింది చూపు.

ఒకరోజు పొద్దున ప్రసాదం తీసుకోని, గడప బయటే నిలబడి అడిగినాడు. "సామీ, నువ్వొస్తేనే అమ్మ వస్తానంటా ఉంది. రెండుసార్లే. ఆ మూడు వారాలూ పెద్ద అర్చకులు వాళ్ళింటి నుంచి తళిగ తెప్పిస్తారులే."

"అయ్యా, సముద్రం దాటినోడు పోటుకు పనికిరాడని మా పెద్దోళ్ళు చెప్తారు" అన్నాను.

ఆయన నవ్వినాడు. "ఏ కాలంలో ఉండావు సామీ? నేను ఎన్నిసార్లు దాటలా? ఉత్సవంలో మొదటి పరివట్టం నా తలకే గదా కడతారు?" పరివట్టమంటే దేవుడి మీది పట్టుగుడ్డ, మర్యాదకు తలకు చుడతారు. "నీ పోటుకు నేను పూచీ. నేనుండేదాకా ఆ గుండిగ మీద ఇంకో చెయ్యి పడదు. చాలా?"

చాలుననుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆమె చాట కిందపెట్టి నా మొహంలోకి చూసింది. "మీ నాయన పులికాట్ చూడ్డానికి పోయి పడవ కూడా ఎక్కలా, మర్చిపోయినావా?" మర్చిపోలేదు. నాకు పదేండ్లప్పుడు బంధువులందరమూ పోయినాము. అందరూ పడవెక్కి కొంగల్ని చూడబోతే మా నాయన ఒడ్డునే కూచోని అటుకులు నమిలినాడు. ఇది సముద్రం గాదు, చెరువు మాదిరిదే అని ఎంత చెప్పినా వినలేదు. "ఉప్పునీళ్ళు ఉప్పునీళ్ళే. నాకెందుకప్పా, నా పోటు నాకుంటే చాలు" అన్నాడు. ఆ రోజు అందరూ ఆయన్ని చూసి నవ్వినారు. నేనూ నవ్వినాను.

ఇంకో మాట గూడా ఒప్పుకోవాల. నాకు ఆశ పుట్టింది. యాభై ఆరేండ్లదాకా పొగలో కండ్లు మండించుకున్నోణ్ణి, గూడూరు దాటి రైల్లో పోయింది రెండుసార్లు. విమానమంటే, మంచుకొండలంటే ఆశ పుట్టదా? దేవుడి దయవల్ల ఒకరి తల్లికి సేవ చేస్తా ఉండానని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మనిషి తనను తాను మోసం చేసుకునేటప్పుడే దేవుడు ఎక్కువ గుర్తుకొస్తాడు.

ఎండాకాలం పోయినాము. విమానంలో తల్లి, కొడుకు, కోడలు ముందర పరదా అవతల, నేను ఎనక. వాళ్ళిచ్చేది తినకూడదు గాబట్టి మా నాయన మాదిరే అటుకులు నమిలినాను.

ఆ హోటలు కొండ వాలులో ఉండాది. అంతా చెక్క. ప్రతి కిటికీకీ ఎర్రపూల తొట్లు. చుట్టూ పచ్చికలో ఆవులు, వాటి మెడల్లో గంటలు మా గుడి గంటంతేసి ఉండాయి. మా ఐరాల పక్క కరువు పల్లెల్లో ఆవుల డొక్కలు చూసిన కండ్లతో ఆ ఆవుల్ని చూసి నిజంగా కడుపు నిండింది. ఆ పాలు కాచితే మీగడ దుప్పటంత మందాన కట్టింది. తోడు మాత్రం వాళ్ళది వెయ్యలేదు, ఎండుమిరపకాయ తొడిమలు వేసి నేనే తోడుపెట్టుకున్నాను.

మనుషుల్ని చూసి మొదట ఇది ఆస్పత్రి అనుకున్నాను. పొద్దస్తమానం అందరూ తెల్లటి బొచ్చుకోట్లేసుకోని, మెత్తటి చెప్పులు ఈడ్చుకుంటా ఆ గదిలో నుంచి ఈ గదికి తిరగతా ఉంటారు. నీళ్ళలో నానతారు, చెమటలు కక్కతారు, పడుకుంటారు, గడ్డీగాదం కాచిన కషాయం తాగతారు, మళ్ళీ నానతారు. ఒక గదిలో తడిపిన గడ్డి వేడిచేసి, మనిషిని దాంట్లో పడుకోబెట్టి చుట్టేస్తారు. మా ధర్మకర్త భార్య అరగంట దాంట్లో ఉండొచ్చి "స్వర్గం సామీ!" అనింది. మా ఊళ్ళో ఎద్దులకు ఆ స్వర్గం రోజూ ఉండాది.

నాకు ఇచ్చిన గది బాగానే ఉండింది, బాల్కనీ గూడా ఉండింది. పరుపు మరీ మెత్తన, నడుములోతు దిగబడిపోతాను. నేల మీదనే పడుకున్నాను. కుళాయి నీళ్ళతో వండటానికి మనసొప్పక, ఊరి నడుమ చెక్కతొట్టిలోకి పారే ఊటనీళ్ళు బిందెతో మోసుకొచ్చుకునేవాణ్ణి. తడిపంచె, నొసట నామం, భుజాన ఇత్తడి బిందె. దారిలో తెల్ల ముసిలోళ్ళు ఆపి ఫోటో తీసుకునేవాళ్ళు. నేనూ చెయ్యెత్తి దీవించి పంపించేవాణ్ణి, నాదేం పోతాది!

పొయ్యి దగ్గరే వచ్చింది చిక్కు. పెద్దమ్మ గదిని ఆనుకోని చిన్న వంటిల్లు ఇచ్చినారు. దాంట్లో పొయ్యి అంటే నల్లటి అద్దం పలక. వేడెక్కుతాది, ఎసరు మరుగుతాది, నిప్పు మాత్రం కనపడదు. మూడు రోజులు ఓర్చుకున్నాను. అగ్ని సాక్షి లేకుండా ఉడికింది అన్నం అవుతాదా? నేను వండిన ప్రతి గుండిగా ముందు దేవుడికి చూపించి గదా పెద్దమ్మకు వడ్డించేది! నాలుగోరోజు ఒక ఉపాయం తోచింది. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు గుప్పెడు పోసి, ఆ అద్దం పలక మీద పెట్టి వెలిగించినాను. అగ్నిని పిలిచి, ఆయన్ను పొయ్యిలో కూచోబెట్టి, అప్పుడు ఎసరు పెడదామని.

అగ్ని రాలేదు. ఫైరింజను వచ్చింది.

హోటలంతా గంటలు మోగినాయి. నీళ్ళలో ఉన్నోళ్ళు నీళ్ళోడ్చుకుంటా, గడ్డిలో ఉన్నోళ్ళు ఒళ్ళంతా గడ్డిపరకలతో, అందరూ బయట పచ్చికలో నిలబడినారు. నేను మడిపంచెలో, చేతిలో గరిటెతో. హోటలు మేనేజరమ్మ మొహం ఎర్రగా చేసుకోని ఏదో అడగతా ఉంది. ధర్మకర్త తడిజుట్టుతో పరిగెత్తుకోనొచ్చినాడు. నా పక్క చూడకుండానే ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడినాడు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ "అవర్ సర్వెంట్" అంటే అర్థం కానంత మొద్దును కాను. తరవాత నా పక్క తిరిగి "బుద్ధుందా నీకు?" అన్నాడు. సామీ అనే మాట లేదు. రెండు గంటల తరవాత తలుపు దగ్గరకొచ్చి "సామీ, అమ్మకు ఆకలవుతా ఉందంట" అన్నాడు. ఆకలేసేసరికి మళ్ళీ సామినైపోయినాను.

ఆ పూట చారన్నం కలుపుకుంటా పెద్దమ్మ నెమ్మదిగా అనింది. "వాడి మాట మనసులో పెట్టుకోబాక సామీ. నీ చేతి చారు లేకుంటే నేనీడ మూడు రోజులు బతకను." ఆమెకు ఇంకో గరిటె చారు పోసినాను. బయటికొచ్చి గిన్నెలు తోముతా ఏడ్చినాను.

తిరిగొచ్చినాక ఎవురికీ చెప్పకుండా తలస్నానం చేసి, జంధ్యం మార్చుకోని, కొత్త పంచె కట్టుకోని పోటులోకి పోయినాను. ఎవురూ ఏమీ అడగలేదు. మరసటి శనివారం ధర్మకర్త వచ్చి గడప బయట చేతులు కట్టుకోని "సామీ, ప్రసాదం" అన్నాడు. ఈసారి గర్వం రాలేదు, నవ్వొచ్చింది.

మరి చలికాలం మళ్ళీ ఎందుకు పోయినావు అంటారు. మా ఆమె గూడా అదే అడిగింది, ఇంకా గట్టిగా. పెద్దమ్మ కబురు పెట్టింది, ఆ ముసలామె మాట కాదనలేకపోయినాను. ఇంకొకటి, ఎట్లాగూ ఒకసారి దాటినాము గదా, రెండోసారి దాటితే కొత్తగా పోయేదేముండాది అనుకున్నాను. అడుసు తొక్కినాక ఒక కాలైతేనేం, రెండు కాళ్ళైతేనేం.

చలికాలంలో ఆ తావు గుర్తుపట్టలేకపోయినాను. పూలు లేవు, ఆవుల్లేవు, ఊరి నడుమ తొట్టి గడ్డకట్టింది. యాడ చూసినా తెలుపు. మొదటిరోజు అలవాటుకొద్దీ పంచె ఉతికి బాల్కనీలో ఆరేసినాను. పొద్దున తలకు పోసుకోని, తడిగుడ్డ చుట్టుకోని, కర్రతో పంచె తీద్దామని పోతే ఠక్కుమని శబ్దమొచ్చింది. తలుపు చెక్క మాదిరి బిగుసుకోని ఉండాది పంచె. చేత్తో పట్టుకుంటే మడి పోతాది. కర్రతో ఎత్తితే తలుపులో పట్టదు. అడ్డం తిప్పినాను, నిలువు తిప్పినాను, లోపలికి రానంటాది. బయట మంచు, ఒంటిమీద తడిగుడ్డ, పండ్లు టకటకా కొట్టుకుంటా ఉండాయి. కట్టుకోవాల్సిన పంచె నిలబడింది, కట్టుకోవాల్సినోడు కూలబడినాడు. చివరికి దాన్ని కర్రతో గోడవారకు నెట్టి, గదిలో వేడి తగిలేట్టు తలుపు తెరిచి, అది మెత్తబడిందాకా కాచుకోని, తడిదే కట్టుకోని వండినాను. ఆ పొద్దు పట్టిన దగ్గు ఇప్పటికీ వదల్లేదు.

మరసటి రోజు నుంచి గదిలోనే గోడకుండే వేడి పెట్టె పైన తాడు కట్టి ఆరేసుకున్నాను. దాంతో ఇంకో తిప్పలు. రోజూ గది ఊడ్చే అమ్మాయి ఒకతి వచ్చేది. మంచి పిల్ల. నా పంచె తీసి, ముచ్చటగా మడతలు పెట్టి, పరుపు మీద పెట్టి, దాని పైన ఒక చాక్లెట్టు పెట్టి పోయేది. అయ్యో తల్లీ! ఆ పిల్ల మర్యాదకు చేసిందాన్ని తిట్టేదెట్ల? మళ్ళీ తడపడం, మళ్ళీ ఆరేయడం. మూడోరోజు తలుపుకు తగిలించే అట్టముక్క ఒకటుండాదని కనుక్కున్నాను. అది తగిలిస్తే లోపలికి రారంట. ఉన్నన్ని రోజులూ అది తియ్యలేదు. చాక్లెట్లు మా వీధి పిల్లలకు తెచ్చిచ్చినాను.

ఒకటి మాత్రం మంచిది చూసినాను, అది దాచకూడదు. హోటలు ఎనక ఆరుబయట వేడినీళ్ళ కొలను ఉండాది. చుట్టూ నడుములోతు మంచు, నడుమ పొగలు కక్కే నీళ్ళు. ఒకరోజు మధ్యాన్నం పెద్దమ్మ ఆ నీళ్ళలో మెడదాకా మునిగి ఉండగా మంచు పడింది. ఆమె తల మీద, రెప్పల మీద మంచు. ఆమె నాలిక బయటపెట్టి ఆ మంచు తిని పకపకా నవ్వింది. ఎనభై దాటిన మనిషి! నవ్వుతా నీళ్ళలోనే నాలుగడుగులు కర్ర లేకుండా నడిచింది. ఆడా మగా తేడా లేకుండా అందరూ దిగే నీళ్ళవి, ఆమె ఒంటి మీద వాళ్ళిచ్చిన ఈతగుడ్డలు. గట్టు మీద నన్ను చూసి "సామీ, ఈ మాట ఊళ్ళో ఎవురికీ చెప్పబాక" అనింది. చెప్పలేదు. ఇప్పుడు రాస్తా ఉండావు గదా అంటారేమో, పేరు రాసినానా?

అదే హోటల్లో కింద భోజనాల హాల్లో మా ధర్మకర్త పళ్ళెంలో ఏముండిందో, గ్లాసులో ఏముండిందో గూడా చూసినాను. అదీ ఎవురికీ చెప్పలేదు. ఎవురి గుట్టు వాళ్ళకు భద్రంగా దాచిపెట్టినాను. నాది మాత్రమే దాచుకోలేకపోయినాను.

తిరిగొచ్చి నెల దాటింది. గుడి ఉత్సవాలకు పది రోజులుండాది. ఒక పొద్దున పొంగలి అడుగంటింది. ముప్పై నాలుగేండ్లలో నా చేతిలో ఒక్కసారి అడుగంటలేదు. మంట ఎక్కువై ఉంటాది, లేదంటే దగ్గొచ్చి గరిటె వదిలేసి ఉంటాను. కానీ నాకు అట్ల తోచలేదు. గుండిగ అడుగున ఆ మాడు చూస్తా ఉంటే మా నాయన ఒడ్డున కూచోని అటుకులు నమిలేది కనపడింది. సముద్రం దాటొచ్చి, ఎవురికీ చెప్పకుండా, దేవుడికి వండి పెడతా ఉండానే! మనుషులకైతే దాచొచ్చు. ఆయన తింటా ఉండాడు గదా నా చేతిది?

తట్టుకోలేక పెద్ద అర్చకుల దగ్గరికి పోయినాను. ఆయనా నేనూ ఒకే బడిలో చదువుకున్నాము. "రెండుసార్లు దాటినాను. ఉత్సవాలకు ముందే ఏం ప్రాయశ్చిత్తం చేసుకోవాల్నో చెప్పు" అన్నాను. "నువ్వు అడక్కుండా ఉండుంటే నేను అడిగేవాణ్ణి కాదప్పా. ఇప్పుడు అడిగినావు. ఇంక విననట్టు ఎట్లుండేది?" అన్నాడు. "ఒక కాగితం రాసియ్యి. కమిటీలో పెడతాను. చిన్నదేదో చేయించి ముగిద్దాము."

రాసిచ్చినాను. బడిలో నాది మంచి దస్తూరి. "నేను రెండు పర్యాయములు సముద్రము దాటితిని, తగిన ప్రాయశ్చిత్తము సెలవియ్యవలెను" అని గుండ్రంగా రాసి సంతకం పెట్టినాను. ఎవురి కోసం దాటినానో రాయలేదు. అది రాస్తే ధర్మకర్తకు మర్యాద కాదనుకున్నాను. చూడండి, ఎంత తెలివైనోణ్ణో!

గుడి ఆఫీసులో నలుగురు కూచున్నారు. ధర్మకర్త ఆ కాగితం రెండుసార్లు చదివినాడు, తనకు తెలీని సంగతేదో దాంట్లో ఉన్నట్టు. తరవాత కండ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి "శాస్త్రం ముందర నేనెవుర్ని సామీ?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. "ప్రాయశ్చిత్తం..." అన్నాను.

"చేసుకో సామీ, మంచిదే. కానీ పోటుకు మాత్రం... నువ్వే రాసిచ్చినావు గదా."

"అయ్యా, మీ అమ్మగారి కోసం గదా పోయింది!"

"ఆ మేలు మర్చిపోము. ఇది దేవుడి విషయం."

నాకు కోపం తలకెక్కింది. అందరి ముందరా అడిగేసినాను. "మీరు దాటలేదా? అదే విమానం, అదే సముద్రం. రేపు ఉత్సవంలో పరివట్టం మీ తలకే గదా కడతారు?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. నిదానంగా అన్నాడు. "నేను వండను గదా సామీ."

శాస్త్రం ప్రకారం చూస్తే ఆయనదే న్యాయం. నన్ను లోపల కాలుస్తా ఉండేది అదే. పెద్ద అర్చకులు తల వంచుకోని తాళంచెవుల గుత్తి తిప్పతా ఉన్నాడు, నా పక్క చూడలేదు. ఉత్సవాలకు తిరుపతిలో పెండ్లిళ్ళకు వండే ఒక క్యాటరింగ్ ఆయనొచ్చినాడు, గ్యాసు పొయ్యిలతో. ఆయన్ను పెట్టాలని రెండేండ్ల ముందు నుంచే అనుకుంటా ఉండారంట, దారి దొరక్క ఆగినారంట. ఆ దారి నేనే గుండ్రటి అక్షరాలతో రాసిచ్చినాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో ఈ మాట, మల్లయ్యను నేనేనని మాత్రం తెలీలేదు.

ఇంట్లో కూచుంటే చెయ్యి ఊరుకోదు. మా ఇద్దరికీ సోలెడు బియ్యం చాలు. నేను పెడితే నలభై మందికి అవుతాది. చెయ్యికి ఆ కొలతే తెలుసు. మా ఆమె తిట్టుకుంటా గిన్నెల్లో పోసి ఇంటింటికీ ఇచ్చొస్తాది. వీధిలో అందరూ బాగుందంటారు. దేవుడికి చూపించకుండా వండింది ఎంత బాగుంటే ఏం?

ఐదు నెలలు గుడి తట్టు పోలేదు. మొన్న ఒక శనివారం మా ఆమె చెయ్యి పట్టుకోని లాక్కుపోయినంత పని చేసింది. "దేవుడు నీకేం చేసినాడు? ఆయన మీదెందుకు అలగతావు?" అనింది. పోయినాము. జనంలో వరసలో నిలబడినాము. పోటు గడప తట్టు చూడకూడదనుకోని చూసినాను. గడప బయట చెప్పులు లేవు. లోపల ఉండాయి.

ఆకు దొన్నెలో పొంగలి పెట్టినారు. ఒక మెతుకు నోట్లో పడంగానే తెలిసింది. మిరియాలు దంచినవి కాదు, ప్యాకెట్ పొడి. నెయ్యి కాచకుండా పైన పోసి కలిపినారు. ఉప్పు ఒక పక్క ఉండాది, ఒక పక్క లేదు.

"సామీ, బాగుండావా?"

ధర్మకర్త. తలకు పరివట్టం చుట్టుండారు. మొహంలో ఏ కల్మషమూ లేదు, నిజంగా ఆప్యాయంగానే అడిగినాడు. అదే నన్ను చంపుతాది.

"అమ్మ ఎప్పుడూ నిన్నే తల్చుకుంటా ఉంది. కాళ్ళు మళ్ళీ పట్టుకున్నాయి. ఈ చలికాలం ఇంకోసారి పోదామంటా ఉంది, నువ్వొస్తేనే. ఇప్పుడు నీకు పోటు లేదు గదా సామీ, తీరికే. ఎవుర్నీ అడగాల్సిన పని గూడా లేదు."

మా ఆమె నా పక్కనే నిలబడుండాది. నా నోటి తట్టే చూస్తా ఉండాది. ఐదు నెలలుగా నేను వంటింట్లో గిన్నెలకు వినిపించిన తిట్లన్నీ ఆమెకు తెలుసు. ఈయన ఎదురుపడితే ఏమనాల్నో, ఏ మాట తరవాత ఏ మాట, పళ్ళెంలో ఏం చూసినానో అదెట్ల అనాల్నో, ఆమెకు వరసగా అప్పజెప్పి ఉండాను. ఆ రోజు వచ్చింది. ఆ మనిషి ఎదురుగా ఉండాడు. చుట్టూ జనముండారు.

నాకు పెద్దమ్మ రెప్పల మీది మంచు కనపడింది. మరిగే ఎసరు కనపడింది, మడిపంచె కనపడింది, ఎవురో ఒకరు నా చేతి అన్నం కోసం కాచుకోని ఉండటం కనపడింది. ఆ నల్ల అద్దం పొయ్యి మీద వండినా సరే, ముందు దేవుడికి చూపించే గదా వడ్డిస్తాను అనిపించింది. థూ, నా బతుకు!

"ఎప్పుడు బయల్దేరాల?" అన్నాను.

మా ఆమె చేతిలో దొన్నె ఆడనే అరుగు మీద పెట్టేసి, నా మొహం చూడకుండా బయటికి నడిచిపోయింది. నేను నా దొన్నెలోది తిని, ఆమె దొన్నెలోది గూడా తిన్నాను. ఎట్ల వండినా ప్రసాదం గదా, పారెయ్యకూడదు.